బెంచీ దాకా దారి

సిగ్రున్ చేతిసంచిలో ఒక పిల్లవాడి తల ఉంటుంది. ఒక మొండెం, రెండు వేళ్లు కూడా ఉంటాయి. తల అంటే పసుపుపచ్చ ప్లాస్టిక్‌తో చేసిన గుండ్రటి దిమ్మె. మొండెం దానికంటే చిన్నది, పలకగా ఉంటుంది. వేళ్లంటే లావుదొకటి, సన్నదొకటి రెండు చువ్వలు. ఆటస్థలంలో ఎక్కడ సందు కనిపించినా ముందు మొండెం దూర్చి చూస్తుంది. మొండెం దూరి తల దూరకపోతే ఆ సందు పిల్లల పాలిట ఉరితాడు కింద లెక్క. అలాంటి సందులు వెతుక్కుంటూ బెర్గెన్ ఊరి చుట్టుపక్కల వానలో తిరగడమే ఆమె ఉద్యోగం. ఆ మాటకొస్తే ఉద్యోగం లేకపోయినా తిరిగేదే. ఒకచోట కూర్చోవడం ఆమె ఒంటికి పడదు. మధ్యాహ్నం రొట్టె కూడా కారు పక్కన నిలబడి, కాగితం విప్పుతూ విప్పుతూనే తినేస్తుంది.

సోమవారం మధ్యాహ్నం స్కోగ్లియా ఇళ్ల సంఘం వాళ్ల ఆటస్థలంలో, జారుడుబల్ల మెట్ల మధ్య ఆ తలను దూర్చి తిప్పుతుండగా వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"అది ఎవరి తల?"

చక్రాల కుర్చీలో ఒక పిల్ల. ఎనిమిదేళ్లుంటాయి. నారింజరంగు వానకోటు, ఒళ్లో బడిసంచి. తుంపర పడుతున్నా టోపీ వేసుకోలేదు.

"ఎవరిదీ కాదు. కొలత కోసం."

"మరీ చిన్నది. మా క్లాసులో సోండ్రె తల దీనికి రెండింతలుంటుంది."

"అయితే వాడు ఇందులో ఇరుక్కోడు. మంచిదే కదా."

"ఇరుక్కుంటేనే మంచిది."

సిగ్రున్‌కు నవ్వొచ్చింది. పని మధ్యలో పిల్లలతో మాట కలిపితే ఇక వదలరని అనుభవం కనుక ఆ నవ్వు లోపలే ఉంచుకుంది. మెట్లు ఎక్కి, జారుడుబల్ల పైన రెయిలింగు దగ్గర గొలుసుకు కట్టిన చిన్న బిళ్లను జారవిడిచింది. అది ఎక్కడా పట్టుకోకుండా కిందకి జారింది. అంటే పిల్లల కోటు తాళ్లు కూడా పట్టుకోవు. దిగి వచ్చి అట్ట మీది కాగితంలో గుర్తు పెట్టింది.

"నీ పేరేంటి?" అంది పిల్ల, చక్రాలు తిప్పుకుంటూ వెంటే వస్తూ.

"సిగ్రున్."

"నేను తిరిల్. నీ సంచిలో ఇంకా ఏమున్నాయి?"

"మొండెం. వేళ్లు."

"చక్రం లేదా?"

"చక్రం ఎందుకు?"

 ఇంత మాత్రం తెలీదా అన్నట్టు తిరిల్ ఆమె వైపు ఒకసారి చూసింది.

సిగ్రున్ ఇసుకలోకి దిగింది. అంకెలు గీసిన ఇనుపచువ్వను అడుగు తగిలేదాకా గుచ్చి, బొటనవేలితో పట్టుకుని పైకి లాగి చూసింది. ముప్పై రెండు సెంటీమీటర్లు. ముప్పై ఉంటే చాలు. రెండడుగులు జరిగి మళ్లీ గుచ్చింది. ముప్పై. మళ్లీ. ముప్పై ఒకటి. ఇక్కడ ఇసుక చాలదని వరసగా మూడేళ్లు రాసింది, వాళ్లూ ఏటేటా పోస్తూ వచ్చారు. ఇప్పుడు కాలు పెడితే చీలమండ దాకా దిగుతోంది. చెప్పిన మాట వినే ఇళ్ల సంఘాలు తక్కువ కనుక ఆమెకు సంతోషమే వేసింది.

చివర ఊయల మిగిలింది. తాళ్లతో అల్లిన పెద్ద జల్లెడ లాంటి గూడు ఊయల, నలుగురు పిల్లలు ఒకేసారి పట్టేది. కాని సిగ్రున్ చూపు ఊయల మీద లేదు. సిమెంటు దారి దగ్గర మొదలై, ఇసుక చుట్టూ వేసిన అంచు దుంగను దాటి, నేరుగా ఊయల కిందిదాకా పరచిన చెక్కబల్లల మీద ఉంది. పోయిన ఏడాది ఇవి లేవు. చెక్క నున్నగా చిత్రిక పట్టి ఉంది. అంచులు గుండ్రంగా అరగదీసి, మరలన్నీ ఇత్తడివి వేశారు. ఎవడో పనివాడే చేశాడు.

"చూడు," అంది తిరిల్.

ఒళ్లోని సంచి కింద పడేసి బల్లల మీదికి ఎక్కింది. చక్రాలు టకటకమంటూ అతుకులు దాటాయి. ఊయల పక్కన కుర్చీ ఆపి బ్రేకు వేసింది. రెండు చేతులతో తాళ్లు పట్టుకుని నడుమును ఒక్క ఊపుతో ఊయలలోకి చేర్చింది. తర్వాత ఎడమకాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంది, తర్వాత కుడికాలిని. ఊపిరి ఎగపోస్తోంది కాని ముఖం వెలిగిపోతోంది.

"నన్నెవ్వరూ ఎత్తక్కర్లేదు," అంది.

సిగ్రున్ టేపు తీసి ఊయల అంచు నుంచి బల్లల దాకా కొలిచింది. కొలవకుండానే తెలుస్తోంది. ఊయల ముందుకు ఊగినప్పుడు సరిగ్గా ఈ బల్లల మీదుగానే పోతుంది. పైనుంచి జారిన పిల్ల తల ఆ అంచుకు తగిలితే ఏమవుతుందో ఒకసారి వేరే ఊళ్లో చూసింది. తర్వాత వారం రోజులు అన్నం సయించలేదు. కారు దగ్గరికి వెళ్లి ఎరుపు తెలుపు చారల టేపు చుట్ట పట్టుకొచ్చింది.

అప్పటికే మెట్లగది తలుపు తీసుకుని ఒక ముసలాయన వస్తున్నాడు. కాళ్లకు ఇంట్లో వేసుకునే చెప్పులే ఉన్నాయి. తిరిల్ వాళ్ల అమ్మకు తండ్రి, ఓద్వార్; ఏటా తనిఖీకి వచ్చే సిగ్రున్‌కు తెలిసిన ముఖమే. పడవలు కట్టి కట్టి వేళ్లు వంకర తిరిగాయి.

"ఏమయింది?"

"ఈ బల్లలు తీసెయ్యాలి. ఊయల పడేచోట గట్టి వస్తువు ఉండకూడదు."

"గట్టిది కాకపోతే మరి చక్రం దేని మీద నడుస్తుంది?"

"ఊయలలోంచి పిల్లలు పడతారు, ఓద్వార్. ఇంత ఎత్తు నుంచి చెక్క మీద పడితే తల పగులుతుంది."

ముసలాయన ఊయల వైపు, బల్లల వైపు చూశాడు. పనివాడు కనుక అర్థమయింది. అర్థమయినందుకే ఇంకా కోపం వచ్చింది.

"సరే. తప్పే. మరి ఎక్కడ పెట్టాలి? చెప్పు, ఈ సాయంత్రమే మార్చేస్తా."

"అది నేను చెప్పకూడదు."

"ఏం, నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?"

"తప్పు పట్టడం వరకే నా పని. ఎలా దిద్దాలో కూడా నేనే చెప్తే, మళ్లీ వచ్చి నా పనిని నేనే తనిఖీ చేసుకున్నట్టు అవుతుంది. అది రూలు."

"భలే డాక్టరమ్మవి. జబ్బు పేరు చెప్పి, మందు మాత్రం చెప్పవు."

ఊయల ఎవరూ ఎక్కకుండా సిగ్రున్ ఒక స్తంభానికి చారల టేపు కట్టింది. తిరిల్ ఊయలలోనే ఉంది.

"నేను దిగను."

"ఎంతసేపు?"

"ఆదివారం దాకా. మే పదిహేడు, దేశం పండగ. ఊరేగింపు అయ్యాక అందరూ ఇక్కడికే వస్తారు. నేనొక్కదాన్నే వెళ్లి ఎక్కుతానని సోండ్రెతో పందెం వేశా."

"ఎవరైనా పెద్దవాళ్లు ఎత్తి కూర్చోబెడితే..."

"అందరి ముందూనా? బంగాళాదుంపల బస్తాలాగా?"

 చివరికి తాత ఏదో చెవిలో చెబితే తిరిల్ దిగింది. దిగడం ఎక్కడం కంటే కష్టం. రెండుసార్లు జారింది, అయినా తాత చెయ్యి పట్టుకోలేదు. సిగ్రున్ టేపు రెండోవైపు కట్టి, ముడి బిగించి, అవసరం లేకపోయినా ఇంకో ముడి వేసింది.

కారు పైకప్పు మీద అట్ట పెట్టుకుని మిగిలిన పేజీలు పూర్తి చేసింది. బల్లలు, తీవ్రమైన లోపం, ఊయల తక్షణం మూసివేత. ఇసుక లోతు, సరిపోయింది. ఆఖరి పేజీలో ఒకే ప్రశ్న ఉంటుంది: గేటు నుంచి చక్రాల కుర్చీకి అందుబాటు ఉందా? గేటు వెడల్పు చాలు, మెట్లు లేవు, గేటు నుంచి బెంచీ దాకా సిమెంటు దారి ఉంది. అవును అన్న గడిలో గుర్తు పెట్టి, సంతకం చేసి, ఫోనుతో అక్కడి నుంచే పంపించేసింది. రొట్టె మిగిలిందని గుర్తొచ్చింది గాని తినబుద్ధి కాలేదు.

మంగళవారం ఒక బడి ఆవరణలో, పిల్లలు ఎక్కి తిరిగే చక్రం కింద వెల్లకిలా పడుకుని బేరింగు చూస్తుండగా ఫోను మోగింది. స్కోగ్లియా సంఘం అధ్యక్షురాలు బెంటే. ఆవిడ గొంతులో ఎప్పుడూ పెళ్లి భోజనానికి పిలుస్తున్నంత హుషారు ఉంటుంది.

"సిగ్రున్! నీ రిపోర్టు చూశాం. నిన్న సాయంత్రమే బల్లలు పీకేయించా. రేపు సాయంత్రం మా దుగ్నాద్. సంఘం వాళ్లమంతా పారలూ చీపుర్లూ పట్టుకుని దిగుతాం. నువ్వు వచ్చి ఒకసారి చూసి టేపు విప్పెయ్. వాఫుల్స్ కూడా వేస్తున్నాం, తినిపోదువు."

"ఓద్వార్ ఏమన్నాడు?"

"ఏమంటాడు పాపం. రెండేళ్ల నుంచీ దారి వెయ్యండి దారి వెయ్యండని ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. మేమేం ఊరికే కాదనలేదు, నీ రిపోర్టే చూపించాం."

"నా రిపోర్టా?"

"ఆఖరి పేజీ. అందుబాటు ఉందా, అవును. నీలాంటి మనిషి సంతకం పెట్టి మరీ ఉందంటుంటే లేదనడానికి మేమెవరం? రెండుసార్లూ ఆ పేజీ జిరాక్సు తీసి ఉత్తరంతో జతచేశాం. అలా అన్నీ కాగితం మీద ఉంటే ఎవరికీ మనసులో ఏమీ ఉండదు చూడు."

సిగ్రున్ లేవబోయింది. నుదురు ఇనుపచట్రానికి ఠంగున కొట్టుకుంది.

"ఏమయింది?" అంది బెంటే.

"ఏం లేదు. రేపు వస్తా."

బడి పని సగంలో వదిలేసింది. ఇలా వదలడం ఎన్నడూ లేదు. కారులో సీటు మీద ఒక మోకాలు ఆనించి, పాత రిపోర్టులు తెరిచింది. మూడేళ్లు, మూడు సంతకాలు, మూడు అవునులు. ప్రతిసారీ గుర్తు ఒకేచోట, ఒకే వంపుతో ఉంది. చెయ్యి తడబడలేదు. ఎందుకు తడబడుతుంది? దారి ఉంది కదా. బెంచీ దాకా ఉంది.

మొదట బెంటే మీద కోపం వచ్చింది. తర్వాత ఆ కాగితం తయారుచేసినవాళ్ల మీద వచ్చింది. గేటు దగ్గర మొదలైన ప్రశ్న ఎక్కడ ముగియాలో వాళ్లు రాయలేదు. అవి రెండూ చల్లారాక మిగిలింది సిగ్గు. నుదుటి మీది బొప్పి కంటే అదే ఎక్కువ సలిపింది. వేలెడు సందు కనిపిస్తే వదలని మనిషి, ఎనిమిదేళ్ల పిల్లను మూడేళ్లపాటు బెంచీ దగ్గర కూర్చోబెట్టింది. పైగా ఏటేటా ఇసుక చాలదు, ఇంకా పొయ్యండని ఆ పిల్లకూ ఊయలకూ మధ్య లోతు పెంచుతూ వచ్చింది.

ఆ సాయంత్రం రేవు వెంబడి నడుస్తూ ఆస్గైర్‌కు ఫోను చేసింది. ఆమె దగ్గరే పని నేర్చుకుని ఇప్పుడు సొంతంగా తనిఖీలు చేసుకుంటున్నవాడు. రూలంటే రూలే వాడికి. ఆమె నేర్పింది కూడా అదే.

"తప్పు రాశానని ఒక దిద్దుబాటు కాగితం పంపు," అన్నాడంతా విని. "సంఘం వాళ్లు అక్టోబరు మీటింగులో పెడతారు. ఒప్పుకుంటే వచ్చే వేసవికి అయిపోతుంది."

"వచ్చే వేసవికి."

"మరి? నువ్వు మాత్రం తొందరపడి పార పట్టుకోకు. పట్టుకున్నావో, ఆ సంఘం మీద నీ సంతకం ఇక చెల్లదు. అక్కడొక్కచోటే కాదు, స్కోగ్లియా వాళ్ల తొమ్మిది ఆటస్థలాలూ పోతాయి. ఈ ముక్క నాకు చెప్పిందెవరు?"

"నేనే."

"నువ్వే."

ఫోను పెట్టేశాక కూడా ఆమె నడుస్తూనే ఉంది. రేవు చివరిదాకా వెళ్లి, ఇక నేల లేదు గనుక వెనక్కి తిరిగింది.

బుధవారం అయిదు గంటలకు స్కోగ్లియా అంతా ఆటస్థలంలోనే ఉంది. ఒకరు కంచెకు రంగు వేస్తున్నారు. ఇద్దరు ఎండుటాకులు బస్తాలకు ఎత్తుతున్నారు. బల్ల మీద ఫ్లాస్కులు వరసగా పెట్టి ఉన్నాయి, బెంటే వాఫుల్స్ మీద గోధుమరంగు చీజు పల్చగా కోసి వేస్తోంది. ఊయల కింద ఇసుకను ఎవరో గీతలు గీతలుగా ఎంతో అందంగా చదును చేశారు. పీకిన బల్లలు సైకిళ్ల షెడ్డు గోడకు ఆనించి ఉన్నాయి. ఓద్వార్ వాటి పక్కన నిలబడి కాఫీ తాగుతున్నాడు. తిరిల్ బెంచీ పక్కన, సిమెంటు దారి ముగిసేచోట ఉంది. ఆ చోటు ఆమెకు కేటాయించినట్టే ఉంది.

"వచ్చావా!" అంది బెంటే. "చూడు, అద్దంలా చేశాం. టేపు విప్పెయ్, నీకు రెండు వాఫుల్స్ తీసి ఉంచా."

"ఒక్క కొలత మిగిలింది," అంది సిగ్రున్. తిరిల్ దగ్గరికి వెళ్లింది. "నీకు చిన్నదైపోయిన పాత కుర్చీ ఏమన్నా ఉందా?"

తిరిల్ ఆమె నుదుటి మీది బొప్పి వైపు చూసింది. "ఎందుకు?"

"నా సంచిలో చక్రం లేదు."

కుర్చీ షెడ్డులో ఉంది. ఓద్వార్ సైకిళ్లు పక్కకు తోసి దాన్ని బయటికి లాగాడు. వెనకాల గోడవార దళసరి నల్లటి రబ్బరు పలకలు దొంతర పెట్టి ఉన్నాయి, అవతలి బ్లాకు జారుడుబల్ల తీసేసినప్పటివి. సిగ్రున్ వాటిని చూసింది గాని ఏమీ అనలేదు. కుర్చీలో ఇరవై అయిదు కిలోల మట్టి బస్తా కూర్చోబెట్టి బెల్టు పెట్టింది.

"దీని పేరు సోండ్రె," అంది తిరిల్.

కుర్చీ సిమెంటు దారి మీద బాగానే వెళ్లింది. అంచు దుంగ దగ్గర ఆగిపోయింది. సిగ్రున్ దాన్ని ఎత్తి ఇసుకలో దించి, వెనక నుంచి తోసింది. ముందు చక్రాలు మునిగాయి. ఇంకా తోసింది. పెద్ద చక్రాలు అక్కడే ఇసుకను తవ్వుకుంటూ తిరిగాయి. మట్టి బస్తా ముందుకు వాలింది. రంగు వేసేవాళ్లు కుంచెలు ఆపారు. సిగ్రున్ వంగి టేపు పరచి దుంగ నుంచి చక్రం దాకా కొలిచి, అందరికీ వినపడేలా చదివింది.

"ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు."

"ఏంటి ముప్పై ఎనిమిది?" అంది బెంటే, చేతిలో చాకుతోనే.

"ఇక్కడ అందుబాటు. అంతే ఉంది. ఊయల ఏడు మీటర్ల దూరంలో ఉంది. మూడేళ్లుగా నేను తప్పు రాశాను. దారి బెంచీ దాకానే ఉంది. బెంచీ మీద ఊగడానికి ఏమీ లేదు."

 బెంటే ముఖం ఎర్రబడింది. "అంటే మేం ఆయనకి రాసిన ఉత్తరాలు..."

"నా మాట పట్టుకునే రాశారు. తప్పు నాది."

"మరి ఇసుక పొయ్యమన్నది నువ్వే కదా?"

"నేనే."

"సరే," అంది బెంటే, గొంతు తగ్గించి. "నువ్వు దిద్ది పంపు. అక్టోబరులో మీటింగు ఉంది, మొదటి అంశంగా పెడతా. ఒట్టు."

పద్ధతి ప్రకారం అది సరైన మాటే. సిగ్రున్ తలూపబోయింది. అప్పుడు ఓద్వార్ కాఫీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టి రెండు అడుగులు ముందుకు వేశాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"ఎక్కడ పెట్టాలి?"

ఆమె కాళ్లు నిలవడం లేదు. పచ్చకోటు జిప్పు పైకీ కిందకీ లాగింది. తిరిల్ ఆమెనే చూస్తోంది. ఆ చూపులో ఆశ ఏమీ లేదు, పెద్దవాళ్ల సంగతి తెలిసిన చూపు. ఆ చూపే ఆమె తట్టుకోలేకపోయింది. తనిఖీదారు అని వీపున రాసి ఉన్న పచ్చకోటు విప్పి, చేతిసంచిలో తల మీద కుక్కేసి, గోడకు ఆనించి ఉన్న పారల్లో ఒకటి తీసుకుంది.

"ఇక్కడ," అంటూ ఊయల పక్కన, స్తంభం వైపు నుంచి ఇసుకలో గీత గీసింది. "ఊయల ముందుకీ వెనక్కీ ఊగుతుంది, పక్కకి ఊగదు. మీ బల్లలు ఇటు తిప్పి, ఈ గీత దగ్గర ఆపెయ్యాలి. దుంగను ఇక్కడ కోసెయ్యాలి. గీత నుంచి ఊయల దాకా ఇసుక తీసి, కంకర పోసి, దిమ్మిస కొట్టి, ఆ షెడ్డులో రబ్బరు పలకలు పరచాలి. పిల్లలు పడేచోట వెయ్యడానికి చేసినవే అవి."

"ఇంతేనా?"

"ఇంతే."

"సోమవారమే ఈ ముక్క చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"తొమ్మిది ఆటస్థలాలు."

ఓద్వార్‌కు అది అర్థం కాలేదు. బెంటేకు అయింది. ఆవిడ ఒక క్షణం సిగ్రున్ చేతిలోని పార వైపు, సంచిలోంచి వేలాడుతున్న పచ్చకోటు వైపు చూసింది. వాఫుల్స్ మీద బట్ట కప్పి, తను కూడా ఒక పార అందుకుంది.

"అయితే టేపు ఎవరు విప్పుతారు?" అంది ఇసుక ఎత్తిపోస్తూ.

"ఆస్గైర్. శుక్రవారం రమ్మంటా."

కంకరను దూరం నుంచి బండ్లో తోసుకురావాల్సి వచ్చింది. ఓద్వార్ రంపంతో దుంగ కోశాడు. కోసిన అంచును చేత్తో తడిమి చూసుకుని మళ్లీ అరగదీశాడు. పలకలు పరిచేటప్పుడు ఊయల నుంచి బల్లల వైపుకు వేలెడు వాలు ఉంచాడు. ఎందుకని సిగ్రున్ అడిగితే, తర్వాత తెలుస్తుందిలే అన్నాడు. తిరిల్ బెంచీ దగ్గర నుంచి కదిలి, కోసిన దుంగ దాకా వచ్చి, ఎవరు వంకరగా పెడుతున్నారో చెబుతూ ఉంది. చాలామటుకు సరిగ్గానే చెప్పింది. పని అయ్యేసరికి సిగ్రున్ అరచేతుల్లో నాలుగు బొబ్బలు లేచాయి. పాతికేళ్లుగా ఇంకొకరి పనిని వేలెత్తి చూపించిన చేతులు కదా.

శుక్రవారం ఆస్గైర్ చెప్పిన నిమిషానికి వచ్చాడు. పచ్చకోటు, అట్ట, చేతిసంచి. సిగ్రున్‌ను చూసి తలపంకించాడు గాని చెయ్యి కలపలేదు. అది కూడా ఆమె నేర్పిందే, తనిఖీకి ముందు పనివాళ్లతో చనువు కూడదు. ఆమె ఓద్వార్ పక్కన, బెంటే పక్కన గోడవార నిలబడింది. ఇన్నేళ్లలో అటువైపు నిలబడడం ఇదే మొదలు. వాడు ఒక్కో మర మీద వేలు పెడుతుంటే తను కూడా లోలోపల లెక్కపెట్టింది. ఇంత నెమ్మదిగా చూస్తారా ఎవరైనా అనిపించింది. తను చూసింది కూడా ఇంత నెమ్మదిగానే.

ఆస్గైర్ వేళ్లు దూర్చాడు, మొండెం దూర్చాడు. పలకల అతుకుల మీద మడమతో నొక్కాడు. బల్లల చివర నుంచి ఊయల దాకా రెండుసార్లు కొలిచాడు. ఊయల కింద ముందూ వెనకా ఇసుకలో చువ్వ గుచ్చి ఏదో రాసుకున్నాడు. వాడి ముఖంలో ఏమీ కనపడలేదు.

తర్వాత ఆఖరి పేజీ తిప్పాడు. గేటు వైపు చూశాడు, సిమెంటు దారి చూశాడు, బెంచీ చూశాడు. కలం గడి మీదికి వెళ్లింది. సిగ్రున్ నాలుక చివరిదాకా మాట వచ్చింది. పనివాళ్లకు మాట్లాడే హక్కు లేదు. పెదవి కొరుక్కుంది.

"నీ సంచిలో చక్రం ఉందా?" అంది తిరిల్.

ఆస్గైర్ కలం ఆగింది. "లేదు."

"నా దగ్గర నాలుగున్నాయి. కాస్త తప్పుకో."

వాడు తప్పుకున్నాడు. తిరిల్ దారి మీద నుంచి బల్లల మీదికి మళ్లింది, అతుకులు టకటకమన్నాయి. కోసిన దుంగ మధ్య నుంచి వెళ్లి రబ్బరు మీదికి ఎక్కగానే చప్పుడు ఆగిపోయింది. ఊయల పక్కన ఆగింది. తాళ్లు పట్టుకుని, ఒక్క ఊపున లోపలికి చేరి, కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి పెట్టుకుంది. బ్రేకు విప్పి కుర్చీని చేత్తో మెల్లగా వెనక్కి నెట్టింది. అది వాలు వెంబడి దానంతటదే పోయి బల్లల మొదట్లో ఆగింది. ఓద్వార్ సిగ్రున్‌ను మోచేత్తో పొడిచాడు.

ఆస్గైర్ ఆ ఖాళీ కుర్చీని చూశాడు. తర్వాత గేటు దగ్గరికి నడిచి వెళ్లి, అక్కడి నుంచి ఊయల దాకా టేపు పరుచుకుంటూ వచ్చాడు. అప్పుడు రాశాడు. గడి పక్కన ఖాళీలో కూడా, దారి ఎక్కడిదాకా ఉందో రెండు వరసలు రాశాడు. తర్వాత చారల టేపు ముడి విప్పబోయి సిగ్రున్ వైపు తిరిగాడు.

"రెండో ముడి ఎవరు వేశారు?"

"నేనే."

"అది అక్కర్లేదు కదా." విప్పాడు. "ఒక లోపం ఉంది. ఊయల ముందువైపు ఇసుక ఇరవై ఏడే ఉంది. మూడు సెంటీమీటర్లు తక్కువ. అది నింపాక సంతకం పెడతా."

మూడు సెంటీమీటర్లు. బొబ్బలు లేచిన అరచేతుల వైపు చూసుకుంది. మూడేళ్లుగా ఆమె రాసిన అంకెల్ని ఎవరెలా మింగారో ఇప్పుడు తెలిసొచ్చింది. వెళ్లి పార తెచ్చింది. బెంటే ఇసుక బండి తోసుకొచ్చింది.

"తిరిల్, ఒకసారి దిగాలి," అంది సిగ్రున్.

"దిగను."

"పది నిమిషాల పని."

"మీరు మూడేళ్లు ఆలస్యం చేశారు. నేను పది నిమిషాలు చేస్తా. కూర్చో."

ఆస్గైర్ ఆకాశం వైపు చూశాడు, నవ్వు దాచుకుంటున్నట్టున్నాడు. తిరిల్ తాళ్లు లాగి వదులుతూ తనంతట తానే ఊపు తెచ్చుకుంటోంది. మొదట జానెడు, తర్వాత మూరెడు. నారింజరంగు కోటు ముందుకు వచ్చి వెనక్కి పోతోంది.

సిగ్రున్ పార పట్టుకుని అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేసింది. చెయ్యడానికి ఏమీ లేదు. చివరికి పారను బెంచీకి ఆనించి కూర్చుంది. తడి చెక్క చల్లదనం ప్యాంటులోంచి తగిలింది. ఎన్నోసార్లు దీన్ని కొలిచింది, ఎత్తు, వెడల్పు, అంచులు, అన్నీ. కూర్చోవడం మాత్రం ఇదే మొదటిసారి. తలెత్తి ఊయల వైపు చూసింది.

ఇక్కడి నుంచి అది చాలా దూరంలో ఉంది.